బుల్‌పప్ ఎయిర్ రైఫిల్‌కి మెత్తటి బ్యాగు: చంద్రపూర్ ఎండల్లో, వానల్లో కొన్నేళ్లు వాడాక

ముందే చెప్పేస్తా, పొట్టి రైఫిల్ ఉన్నవాళ్లు మొన వైపుకి సన్నగా అయిపోయే తుపాకీ ఆకారం బ్యాగు కొనొద్దు. రెండు చివర్లా ఒకే వెడల్పు ఉండి, చూడ్డానికి ఏ ఆర్భాటమూ లేనిది తీసుకోండి. రెండు రకాలూ వాడి చూశాకే చెబుతున్నా.

నాది 4.5 ఎంఎం పీసీపీ, అంటే సిలిండర్‌లో ముందే గాలి నింపుకుని పేల్చే ఎయిర్ రైఫిల్, బుల్‌పప్ రకం. మెకానిజం అంతా ట్రిగ్గర్‌కి వెనక, భుజానికి ఆనించే బట్‌లోనే ఉంటుంది కాబట్టి బ్యారెల్ తగ్గకుండానే మొత్తం పొడవు 32 అంగుళాల్లో సరిపోయింది. పొడవు తక్కువ కదా, ఏ బ్యాగులో అయినా పడుతుంది అనుకుంటారు అందరూ. పొడవుతో అసలు పేచీ లేదు, పేచీ అంతా ఎత్తుతోనే. ఈ రకంలో స్కోప్, అదే గురి చూసే దుర్భిణీ, బాగా ముందుకి జరిగి కూర్చుంటుంది, బజారులో దొరికే బ్యాగులేమో మామూలు రైఫిల్ కొలతకి కుట్టినవి, బట్ దగ్గర లోతు, ముందుకి పోయేకొద్దీ సన్నం. దాంతో నా స్కోప్ ముందు మూతి సరిగ్గా బ్యాగు ఇరుకయ్యే చోటికి వచ్చేది. జిప్పు పడదని కాదు, పడుతుంది, కానీ మూసిన ప్రతిసారీ రన్నర్ స్కోప్ మీద గీసుకుంటూ పోయేది. కొన్నాళ్లకి నల్ల పూత లేచి తెల్లటి గీత పడింది, ఆ తర్వాత అక్కడే జిప్పు పళ్లు విడిపోవడం మొదలైంది.

అందుకే కొనేముందు రైఫిల్‌ని బల్ల మీద పక్కకి పడుకోబెట్టి, పిస్టల్ గ్రిప్ (చేత్తో పట్టుకునే పిడి) కింది అంచు నుంచి స్కోప్ టరెట్ (గురి సరిచేసే గుండ్రటి మీట) పైదాకా టేపు పెట్టి చూడండి. నాకు 10 అంగుళాలు వచ్చింది. పేల్చే ముందు వెనక్కి లాగే కాకింగ్ లివర్ ఎంత బయటికి పొడుచుకొస్తుందో అదీ చూసుకోండి. అమ్మేవాళ్లు రాసే పొడవు చాలాసార్లు బయటి కొలత. ఫోమ్ మందం, లోపలికి మడిచిన కుట్టు పోగా నేను కొన్న 36 అంగుళాల బ్యాగులో మిగిలింది 34 మాత్రమే. అలాగని మరీ వదులుగా ఉన్నా కుదరదు, రైఫిల్ ముందుకీ వెనక్కీ జారి బ్యారెల్ మొన చివరి కుట్టుని పొడుస్తూ ఉంటుంది. రెండు అంగుళాలు ఖాళీ ఉండి, లోపల రెండు వెల్క్రో పట్టీలు ఉంటే చాలు.

ఇక రూపం సంగతి. మా జిల్లాకి ఓ పక్క పులుల అడవి తాడోబా, ఇంకో పక్క నక్సల్స్ ప్రాంతంగా పేరుపడ్డ గడ్చిరోలి. ఇక్కడ భుజాన తుపాకీ ఆకారం వేసుకుని తిరిగితే నాకాబందీలో, అంటే పోలీసు తనిఖీలో, ఎవడైనా ఆపుతాడు, ఆపడమే సబబు కూడా. 20 జౌళ్ల లోపు శక్తి ఉన్న 4.5 ఎంఎం ఎయిర్ రైఫిల్‌కి 2016 ఆయుధ నిబంధనల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు నిజమే, కానీ రోడ్డు మీద నిలబడి కానిస్టేబుల్‌కి జౌళ్ల లెక్క చెప్పగలమా! అందుకని బిల్లు, శక్తి ఎంతో రాసిన కాగితం ముందు జేబులో పెట్టుకుంటా, పెల్లెట్ పెట్టే బ్రీచ్‌లో, లోపల ఖాళీ అని తెలిపే నారింజ రంగు సేఫ్టీ ఫ్లాగ్ దోపి ఉంచుతా, జిప్పు తీయగానే ముందు అదే కనిపిస్తుంది. అడవి గేట్ల వైపు వెళ్లే పని ఉంటే మాత్రం బ్యాగు ఇంట్లోనే. అభయారణ్యంలోకి అనుమతి లేకుండా ఆయుధంతో వెళ్లడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం, ఎయిర్ గన్నే కదా అని అక్కడ వాదన పెట్టుకోవద్దు.

ఇప్పుడు వాడుతున్న బూడిద రంగు బ్యాగు అచ్చం కీబోర్డ్ బ్యాగులా ఉంటుంది. బల్లార్షాలో కాజీపేట రైలెక్కితే ఒక పెద్దాయన "ఏం తమ్ముడూ, ఏ ఊళ్లో పెళ్లి, కచేరీ మీదేనా?" అని అడిగాడు. నేను నవ్వి ఊరుకున్నా.

వానాకాలం గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. పాత బ్యాగు లోపల స్పాంజిలాంటి ఫోమ్. మృగశిర దాటాక ఒకసారి తడిస్తే పైన బట్ట సాయంత్రానికల్లా ఆరిపోయేది, లోపల చెమ్మ మాత్రం రోజుల తరబడి అలాగే ఉండేది. బోల్ట్ మీద, స్కోప్ మౌంట్ స్క్రూల తలల మీద ఎర్రటి చుక్కలు తేలాయి. దానికి తోడు లోపలి వాటర్‌ప్రూఫ్ పూత జిగురుగా మారి పొరలు పొరలుగా ఊడి ట్రిగ్గర్ సందుల్లోకి చేరింది. కొత్తదాంట్లో నీరు పీల్చని గట్టి ఫోమ్ ఉంది, యోగా మ్యాట్‌కి వాడే తరహా. తుడిస్తే సరి. అయినా సరే మెత్తటి బ్యాగు మోయడానికే, దాచడానికి కాదు. ఇంటికి రాగానే రైఫిల్ బయటికి తీసి, నూనె గుడ్డతో తుడిచి, బీరువాలో పెట్టి తాళం వేస్తా. సిలికా జెల్ పొట్లాలు వేసినా సరే, మూసిన బ్యాగులో వారాల తరబడి వదిలేయొద్దు.

రోహిణి కార్తెలో ఇంకో తంటా. 27 డిగ్రీల దగ్గర 200 బార్ ఒత్తిడితో గాలి నింపిన రైఫిల్ సిలిండర్, మూసిన కారులో 65 డిగ్రీల దాకా వేడెక్కితే లెక్క ప్రకారం 225 బార్ అవుతుంది. నల్ల బ్యాగు అయితే ఎండకి ఇంకా మండిపోతుంది. నేను రంగు మార్చడానికి సగం కారణం ఇదే. పాతదాంట్లో ఫోమ్‌ని జిగురుతో అంటించారు, అది రెండో వేసవికే ఊడి ముద్దయింది. గళ్లు గళ్లుగా కుట్టి ఉన్న లైనింగ్ అడిగి తీసుకోండి.

కొత్తదాంట్లో లోపాలు లేవా అంటే ఉన్నాయి. భుజం పట్టీని పట్టుకునే రింగు దగ్గర ఒక్క వరసే కుట్టు వేశారు, బరువుకి అది సాగింది. ఊళ్లో చెప్పులు కుట్టే అన్న నైలాన్ దారంతో అడ్డంగా, ఐమూలగా కుట్టి ఇచ్చాక మళ్లీ కదల్లేదు. టరెట్ ఉన్న వైపు ఫోమ్ పలచన. నాగపూర్ వెళ్లేటప్పుడు బెర్త్ ఇనుప అంచుకి ఆనించి పెడితే దిగాక జీరో (స్కోప్‌లో కుదిర్చి పెట్టుకున్న గురి) కాస్త పక్కకి జరిగింది, అప్పట్నుంచి ఆ వైపు పైకి ఉండేలా పడుకోబెడుతున్నా. జేబులు పెల్లెట్ల డబ్బా, రెండు మ్యాగజైన్లు, అలెన్ కీలకి సరిపోతాయి. చేతి పంపు పట్టదు, దాన్ని విడిగా మోసుకోవాల్సిందే.

రెండు రన్నర్లకీ తాళం వేసే కన్నాలు ఉండాలి, ఇంట్లో పిల్లలున్న వాళ్లు అవి లేని బ్యాగు వైపు చూడొద్దు.