సిటీస్: స్కైలైన్స్‌లో మెట్రో లైన్ పొడిగించడం: చాలాకాలం ఆడాక నా మాట

ఊరు కట్టే కంప్యూటర్ గేమ్ సిటీస్: స్కైలైన్స్ మీద సమీక్షలు చాలానే వచ్చాయి. నేను ఇందులో ఒక్క పని గురించే రాస్తున్నాను: ఊరు పెరిగేకొద్దీ, నడుస్తున్న మెట్రో లైన్‌ను పొడిగించడం. ఏళ్లుగా ఆడుతున్నాను. రోడ్లు, కరెంటు, నీళ్లు, చెత్త అన్నీ కొంతకాలానికి చేతికి అలవాటైపోతాయి. మెట్రో పొడిగింపు మాత్రం ప్రతి ఊళ్లోనూ కొత్తగా ఆలోచింపజేస్తుంది. లైన్ చివర కొత్తగా రెండు స్టేషన్లు చేరిస్తే, ఆ భారం పడేది చివర కాదు, ఊరి నడిబొడ్డున. ఈ సంగతిని ఇంత బాగా చూపించే గేమ్ నాకు ఇంకోటి దొరకలేదు.

గేమ్ 2015 మార్చి 10న వచ్చింది. చేసింది ఫిన్లండ్‌లోని కొలోసల్ ఆర్డర్, విడుదల చేసింది పారడాక్స్ ఇంటరాక్టివ్. ఇందులో ప్రతి మనిషికీ ఒక ఇల్లుంటుంది, చాలామందికి ఉద్యోగమో బడో ఉంటుంది. ఇంట్లోంచి కదిలేటప్పుడే ఎక్కడిదాకా నడవాలి, ఎక్కడ బస్సెక్కాలి, ఎక్కడ మెట్రో మారాలి అన్నది తేల్చుకుని బయల్దేరతాడు. స్టేషన్ దగ్గర కనిపించే గుంపు చూడ్డానికి పెట్టిన బొమ్మలు కావు. వాళ్లలో ఎవరి మీద నొక్కినా ఎక్కడినుంచి ఎక్కడికి పోతున్నాడో తెలుస్తుంది. అందుకే మనం వేసే లైన్ ఒప్పో తప్పో గేమ్ పాయింట్లు వేసి చెప్పదు, జనమే చెబుతారు.

పొడిగింపు ప్లాన్ చేయడానికి నేను ముందుగా తెరిచేది ట్రాఫిక్ రూట్స్ అనే చూపు. ఇది 2017 మేలో మాస్ ట్రాన్సిట్ అనే, విడిగా కొనే అదనపు భాగం వచ్చినప్పుడు, దాంతోపాటు అందరికీ ఉచితంగా ఇచ్చిన అప్‌డేట్‌లో చేరింది. ఒక రోడ్డునో భవనాన్నో నొక్కితే ఆ క్షణంలో దాని మీదుగా పోతున్న ప్రతి ఒక్కరి దారీ గీతలుగా కనబడుతుంది. కొత్త కాలనీ నుంచి ఊళ్లోకి వచ్చే వంతెనను నొక్కి చూస్తే, కార్లలో ఎంతమంది ఆఫీసుల వైపు వెళ్తున్నారో, ఎంతమంది ఫ్యాక్టరీల వైపు మళ్లుతున్నారో అర్థమవుతుంది. మెట్రో ఎటు పోవాలన్నది అప్పుడు ఊహ మీద ఆధారపడదు. మ్యాప్ మీద ఖాళీగా కనిపించిన చోటికి లైన్ లాగడం వేరు, జనం అప్పటికే కష్టపడి తిరుగుతున్న దారి వెంట లాగడం వేరు. రెండో రకం లైన్ మొదటి రైలు నుంచే నిండుతుంది.

ఇక అసలు విషయం. గ్రాండ్ రివర్ అనే మ్యాప్‌లో నాకొక ఊరుంది. నదికి ఒక పక్కన ఆఫీసులు, పాత బజారు. అవతలి పక్కన తర్వాత పెరిగిన ఇళ్లు. మొదటి లైన్ పాత పక్కనే ఉండేది, హాయిగా నడిచేది. నది కింద సొరంగం వేసి లైన్‌ను అవతలికి తీసుకెళ్లాక కొత్త స్టేషన్లు కళకళలాడాయి. నదికి ఇవతల, లైన్ మధ్యలో ఉన్న స్టేషన్లలో మాత్రం జనం ప్లాట్‌ఫాం మీదే మిగిలిపోసాగారు. ఒక మెట్రో రైలులో 180 మంది పడతారు. చివరి కాలనీల్లోనే ఆ సీట్లు నిండిపోతే మధ్య స్టేషన్లకు వచ్చేది నిండు రైలే. మొదటి పంక్తికే వడ్డన అంతా అయిపోయినట్టు. చాలాసేపు నిలబడ్డవాళ్లు విసిగి వెళ్లిపోతారు, రోడ్ల మీద కార్లు పెరుగుతాయి. కొత్త లైన్ వేశాక ఊరి మధ్యలో ట్రాఫిక్ ఎందుకు పెరిగిందా అని చాలామంది కొత్త ఆటగాళ్లు తికమకపడేది ఇక్కడే.

రవాణా బడ్జెట్ పెంచి రైళ్లు ఎక్కువ చేయడం అందరికీ తోచే మందు. కొంతవరకు పనిచేస్తుంది కూడా. కానీ ఖర్చు లైన్ మొత్తానికీ పెరుగుతుంది, ఉపయోగం మాత్రం మధ్యలోనే. నాకు మేలనిపించింది వేరు: అదే ట్రాక్ మీద, రద్దీ స్టేషన్ల మధ్య మాత్రమే తిరిగే ఇంకో పొట్టి లైన్ గీయడం. ఆ రైళ్లు ఖాళీగా మొదలవుతాయి కాబట్టి మధ్యలో వాళ్లకు చోటు దొరుకుతుంది. ఇందుకు ఒక జాగ్రత్త కావాలి. పొట్టి లైన్ తిరిగే స్టేషన్ దాటగానే రైలు వెనక్కి మళ్లడానికి చిన్న పక్క ట్రాక్ వేసి పెట్టాలి, లేకపోతే రైలు మళ్లే చోటు వెతుక్కుంటూ అనవసరంగా ముందుకు పోతుంది. పొడిగింపు గీసేటప్పుడే ఈ చోటు వదిలిపెట్టుకుంటే తర్వాత పైనున్న భవనాలు కూల్చే పని ఉండదు.

రెండు లైన్లు కలిసి జనం రైలు మారే స్టేషన్, అంటే ఇంటర్‌చేంజ్ సంగతి దీనికంటే పెద్దది. హైదరాబాద్‌లో అమీర్‌పేట స్టేషన్‌లో సాయంత్రం పూట మెట్లెక్కి రైలు మారినవాళ్లకు నేను వివరించనక్కర్లేదు. మియాపూర్–ఎల్‌బీ నగర్ లైన్, నాగోల్–రాయదుర్గం లైన్ అక్కడ కలుస్తాయి. ఎటు వైపు కొత్త స్టేషన్ తెరిచినా అక్కడి మెట్ల మీద కొన్ని కాళ్లు పెరుగుతాయి. గేమ్‌లో కూడా ఇదే జరుగుతుంది. అందుకే నేను మూడో లైన్ వేసేటప్పుడు దాన్ని మొదటి రెండు కలిసే చోటికి తేను. ఒక్కో లైన్‌ను వేరే వేరే స్టేషన్లో కలుపుతాను. హైదరాబాద్‌లోనూ జేబీఎస్ నుంచి వచ్చే లైన్ పరేడ్ గ్రౌండ్ దగ్గర ఒకదాన్ని, ఎంజీబీఎస్ దగ్గర ఇంకోదాన్ని తాకుతుంది, అమీర్‌పేట వైపు రాదు. ఆ మూడు గీతలను మ్యాప్ మీద చూస్తే త్రికోణంలా ఉంటాయి. గేమ్‌లో ఎన్ని రకాలుగా గీసినా నాకు ఆ త్రికోణమే బాగా నడిచింది.

రెండు లైన్లను ఒకే ట్రాక్ మీదికి కలిపేటప్పుడు జంక్షన్లో రైళ్లు ఒకదాని వెనక ఒకటి ఆగిపోతాయి. ఎదురెదురు ట్రాక్‌లు ఒకే ఎత్తులో కోసుకుంటే ఇంకా కష్టం. సొరంగాల లోతు మార్చి ఒకదాని కిందుగా ఇంకోటి పోనిస్తే సమస్య తీరుతుంది. కాస్త ఖర్చెక్కువైనా అక్కడ వెనకాడకండి.

స్టేషన్ల మధ్య ఎంత దూరం ఉండాలన్నది తరచూ వచ్చే ప్రశ్న. గేమ్‌లో ఇళ్ల స్థలాలు వేసే గడి ఒక్కోటి 8 మీటర్లు. నేను స్టేషన్‌కీ స్టేషన్‌కీ మధ్య 80 నుంచి 100 గడులు వదులుతాను, అంటే 640 నుంచి 800 మీటర్లు. అంతకంటే దగ్గరైతే రైలు ఆగడంతోనే సరిపోతుంది. దూరమైతే మధ్యలో ఉన్నవాళ్లను స్టేషన్‌కు చేర్చే ఫీడర్ బస్సు వేయాలి. బస్సులో పట్టేది 30 మందే కాబట్టి చిన్న చుట్టు తిరిగే లైన్లు వేస్తేనే లాభం. కాలనీలన్నీ చుట్టబెట్టే పొడుగాటి బస్సు లైన్ ఒక్కటి వేస్తే అది మెట్రోకు జనాన్ని చేర్చదు, తానే మెట్రోకు పోటీ అవుతుంది.

కొత్త స్టేషన్ల చుట్టూ ఏం కట్టాలన్నది ఆటలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. చివర అన్నీ ఇళ్లే వేస్తే రైళ్లు ఇటు నిండుగా, అటు ఖాళీగా తిరుగుతాయి. చివరి స్టేషన్ పక్కన కొన్ని ఆఫీసులు, ఒక యూనివర్సిటీ పెడితే రైలు రెండు వైపులా నిండుతుంది, మధ్యలో భారం తగ్గుతుంది. ఇంకో మాట. కొత్త కాలనీని ఒక్కసారిగా జోన్ చేయవద్దు, అంటే స్థలమంతా ఒకేసారి ఇళ్లకు కేటాయించవద్దు. ఒకేసారి వచ్చి చేరినవాళ్ల వయసులు దగ్గరదగ్గరగా ఉంటాయి, ముసలివాళ్లయ్యేదీ చనిపోయేదీ దాదాపు ఒకేసారి. ఆ సమయంలో శ్మశానాల బళ్లు చాలవు, ఇళ్లు ఖాళీ అవుతాయి, అప్పటిదాకా నిండుగా పోయిన రైళ్లు బోసిగా తిరుగుతాయి. వీధి తర్వాత వీధి చొప్పున తెరుస్తూ పోతే ఈ దెబ్బ తగలదు.

లోపాలూ ఉన్నాయి, అవి చిన్నవి కావు. డబ్బుంటే చాలు, సొరంగం క్షణంలో తయారు. మెట్రో పనుల వల్ల రోడ్డు మూసేయడం, పిల్లర్ల కోసం ఏళ్ల తరబడి దారి మళ్లించడం, భూసేకరణ, నష్టపరిహారం, గుడులూ మసీదులూ పాత కట్టడాలూ తప్పించుకుంటూ దారి వెతకడం, ఇవేవీ గేమ్‌లో లేవు. హైదరాబాద్ మెట్రో మొదటి దశలో సుమారు 69 కిలోమీటర్లు, 57 స్టేషన్లు వచ్చాయి. 2017 నవంబర్‌లో మొదలై 2020 ఫిబ్రవరి దాకా ముక్కలు ముక్కలుగా తెరుచుకున్నాయి. ఎంజీబీఎస్ నుంచి ఫలక్‌నుమా వరకు ఉన్న పాతబస్తీ ముక్క మాత్రం ఆ దశలో రాలేదు. నిజమైన ప్లానింగ్‌లో అతి కష్టమైన సగం ఇలాంటి చోట్లే ఉంటుంది. ఆ సగం గేమ్‌లో అసలు కనిపించదు. ఇల్లు కూల్చినా అడిగేవాడు లేని ఊళ్లో ప్లానర్ పని సగమే నేర్చుకోగలం. ఇది నన్ను నిజంగా బాధపెట్టే లోటు.

రెండోది కాలం లెక్క. గేమ్‌లో ఒక మనిషి ఆఫీసుకు వెళ్లేసరికి క్యాలెండర్లో రోజులు గడిచిపోతాయి. కాబట్టి పొద్దున రద్దీ, సాయంత్రం రద్దీ అనేవి మామూలు ఆటలో సరిగా రావు. రియల్ టైమ్ అనే మోడ్ (ఆటగాళ్లే చేసి పంచే మార్పు) పెట్టుకుంటే వస్తాయి, అప్పుడు మెట్రో ప్లానింగ్ ఇంకో మెట్టు పైకెళ్తుంది. మూడోది, ప్లాట్‌ఫాం మీద ఎంత జనం ఉన్నారు, రైలు ఎంతసేపటికి వస్తుంది అన్నది దారి ఎంచుకునేటప్పుడు గేమ్‌లోని జనం లెక్కలోకి తీసుకోరు. పక్కనే ఖాళీ లైన్ ఉన్నా నిండిన లైన్ దగ్గరే నిలబడతారు. నాలుగోది, ఒకే సమయంలో బయట తిరిగే మనుషుల సంఖ్యకు 65,536 అనే హద్దుంది. ఊరు బాగా పెద్దదయ్యాక ఇళ్లు పెరుగుతున్నా మెట్రో ఎక్కేవాళ్లు పెరగరు. లైన్‌లో తప్పుందని మార్చి మార్చి చూస్తాం, కానీ అది గేమ్ హద్దు.

కొలత గురించి కూడా చెప్పాలి. మామూలు గేమ్‌లో కొనగలిగే నేల 9 చదరాలు, ఒక్కో చదరం ఒక వైపు 1.92 కిలోమీటర్లు. అన్నీ పక్కపక్కన చదరంగా కొన్నా ఒక వైపు ఆరు కిలోమీటర్లు కూడా ఉండదు. మియాపూర్ నుంచి ఎల్‌బీ నగర్ దాకా సుమారు 29 కిలోమీటర్ల లైన్‌ను అసలు కొలతలో కట్టాలనుకుంటే కుదరదు. మోడ్‌తో మొత్తం 81 చదరాలు తెరిచినా మ్యాప్ ఒక వైపు 17 కిలోమీటర్ల చిల్లరే. మన ఊరి మెట్రోను కట్టాలనుకునేవాళ్లు కుదించి కట్టుకోవాల్సిందే.

మన దగ్గరిలా పిల్లర్ల మీద పోయే మెట్రో మొదట్లో గేమ్‌లో లేదు, అంతా భూమి కిందే. మెట్రో ఓవర్‌హాల్ అనే మోడ్ ఆ లోటు తీర్చేది. 2020 మార్చిలో సన్‌సెట్ హార్బర్ అనే అదనపు భాగం వచ్చినప్పుడు నేల మీద, ఎత్తు మీద నడిచే మెట్రో గేమ్‌లోకే వచ్చింది. రోడ్డు మీదే స్టేషన్ కూర్చోవాలంటే మాస్ ట్రాన్సిట్‌లోని మోనోరైల్ మన హైదరాబాద్ చూపుకు ఇంకా దగ్గరగా ఉంటుంది. డీఎల్‌సీల్లో, అంటే ఈ అదనపు భాగాల్లో, ఒక్కటే కొనగలిగితే నేను మాస్ ట్రాన్సిట్ కొనమంటాను: మోనోరైల్, ఫెర్రీ, రెండు మూడు రవాణాలు ఒకే కప్పు కింద కలిపే హబ్‌లు అందులోనే ఉన్నాయి. మెట్రో పొడిగింపుకు ఆ హబ్‌ల వల్ల కలిగే మేలు చాలా ఎక్కువ, ఎందుకంటే రైలు దిగినవాడు రోడ్డు దాటకుండానే ఇంకోటి ఎక్కుతాడు.

2023 అక్టోబర్‌లో రెండో భాగం వచ్చింది. అందులో 441 చదరాలు, మెట్రోకు విడిగా యార్డు (రైళ్లు నిలిపే చోటు) కట్టాలి, జనం దారి ఎంచుకునేటప్పుడు సమయం, డబ్బు, సౌకర్యం కూడా చూస్తారు. ప్లానింగ్ పరంగా అది ముందడుగే. యార్డు ఎక్కడ పెడితే రైళ్లు తొందరగా లైన్ మీదికి వస్తాయన్న కొత్త ఆలోచన నాకు నచ్చింది. కానీ దానికి కంప్యూటర్ బలంగా ఉండాలి. మామూలు ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లకు నేను ఇప్పటికీ మొదటి భాగమే చెబుతాను. అందులోనైనా ఆటగాళ్లు చేసినవి దొరికే స్టీమ్ వర్క్‌షాప్ నుంచి భవనాలు ఎడాపెడా దించుకుంటే 16 జీబీ ర్యామ్ కూడా చాలదని గుర్తుంచుకోండి. గేమ్‌లో తెలుగు లేదు, ఇంగ్లీషులోనే ఆడాలి, అయినా మెనూలు తేలికే.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మోడ్‌లేవీ లేకుండా ఒక ఊరు కట్టండి. రెండు లైన్లు, ఒక ఇంటర్‌చేంజ్ దాకా తీసుకురండి. అక్కడ సేవ్ చేసి, లైన్‌ను చివర రెండు స్టేషన్లు పొడిగించండి. తర్వాత చివరికి కాకుండా ఇంటర్‌చేంజ్ మీదికి కెమెరా తిప్పి కాసేపు చూడండి. మోడ్‌లలో ట్రాఫిక్ మేనేజర్ ముందు, రియల్ టైమ్ ఆ తర్వాత.