ఈఎన్ 31 పంచ్‌లకు సాల్ట్ బాత్: కొన్నేళ్లు వాడాక నా మాట

మా టూల్‌రూమ్‌లో రేకు కోసే పంచ్‌లన్నీ ఈఎన్ 31తోనే చేస్తాం. బేరింగుల్లో వాడే ఉక్కే ఇది: కార్బన్ దాదాపు 1 శాతం, క్రోమియం 1.5 శాతం దాకా. హైదరాబాద్ బాలానగర్‌లో కడ్డీ సులభంగా దొరుకుతుంది, క్రోమియం ఎక్కువుండే డీ2 టూల్ స్టీల్ కంటే చౌక. దీనికున్న జబ్బల్లా ఒక్కటే, అరగకముందే విరుగుతుంది. మందపాటి రేకు మీద ప్రెస్సు దెబ్బ కాస్త పక్కకు పడిందంటే చాలు, అంచు పెచ్చులుగా లేస్తుంది.

మామూలుగా 840 డిగ్రీల దగ్గర కాచి, నూనెలో ముంచి, 160–180 దగ్గర టెంపరింగ్ చేస్తారు, అంటే పెళుసుదనం తగ్గడానికి మళ్లీ కాస్త వేడి చేస్తారు. గట్టితనం కొలిచే రాక్‌వెల్ సి స్కేలు మీద 61, 62 వస్తుంది. విరుగుతోందంటే టెంపరింగ్ 300కు పెంచమని చెప్పేవారికి కొదవలేదు. వినకండి. ఆ వేడి దగ్గర ఈ ఉక్కు గట్టితనం పోగొట్టుకుంటుంది, పెళుసుదనం మాత్రం వదలదు.

అందుకే కొన్నేళ్లుగా పంచ్‌లను సాల్ట్ బాత్‌కు పంపుతున్నాం. కరిగిన నైట్రేట్, నైట్రైట్ ఉప్పుల తొట్టిని 230 డిగ్రీల దగ్గర నిలిపి, ఎర్రగా కాగిన ముక్కను అందులోకి దించి నాలుగు గంటలు వదిలేస్తారు. నూనెలో ముంచితే వచ్చే గట్టి, పెళుసు రూపమైన మార్టెన్‌సైట్ పుట్టే వేడికి కాస్త పైనే ఆగుతుంది కాబట్టి, అంత పెళుసు కాని బెయినైట్ అనే రూపం తయారవుతుంది. నూనెలో పైపొర ముందే బిగుసుకుంటుంది, తర్వాత లోపలి భాగం ఉబ్బి దాన్ని లాగుతుంది. పగుళ్లకు పునాది అక్కడే. ఉప్పులో ముక్కంతా ఒకే వేడి మీద నిదానంగా మారుతుంది కనుక ఆ లాగుడు ఉండదు. మళ్లీ టెంపరింగ్ కూడా అక్కర్లేదు.

గట్టితనం 58, 59 దగ్గర ఆగుతుంది. డ్రాయింగ్‌లో 62 ఉందని పట్టుబట్టే ఇన్‌స్పెక్టర్లతో నాకు ఓపిక నశించింది. అరిగిన పంచ్‌ను భూతద్దం కింద పెట్టి చూపిస్తాను: మూల ఊడిపోలేదు, గుండ్రంగా అణిగి మెరుస్తుంటుంది. గ్రైండింగ్‌లో కొద్దిగా లేపితే మళ్లీ ప్రెస్సు ఎక్కుతుంది. నూనెలో వేసిన పంచ్ మూల ఊడితే ఆ పెచ్చు లోతంతా గ్రైండ్ చేయాలి, పొడవులో సగం అక్కడే పోతుంది.

ఇబ్బందులు లేకపోలేదు. తొట్టిలో గడిపిన గంటలన్నీ బిల్లులో కనిపిస్తాయి. సరుకు పోగయ్యేదాకా తొట్టి నడపరు, కాబట్టి తొందర పని అయితే మరిచిపోండి. అవతలికి తెరుచుకోని మరలు కోసిన (ట్యాపు) రంధ్రాల్లో ఉప్పు గడ్డకట్టి ఉంటుంది. వేడినీటిలో నానబెట్టి కడగకపోతే లోపల తుప్పు మొదలవుతుంది. మందపాటి డై బ్లాకులకు ఈ పద్ధతి పనికిరాదు. నడిభాగం తగినంత వేగంగా చల్లారక మెత్తగా మిగిలిపోతుంది. డై పైభాగం, కిందిభాగం వరస తప్పకుండా నడిపే గైడ్ పిల్లర్లు, బుష్‌లు ఇప్పటికీ నూనెకే పంపుతాం, దెబ్బ తగలని చోట 62 ఉండటమే మేలు.

పని ఇచ్చేముందు ఉప్పు వేడి గురించి అందరూ అడుగుతారు, ఫర్నేస్ వేడి గురించి ఎవరూ అడగరు. త్వరగా తేల్చేద్దామని 900 దాటించారంటే ఉక్కులోని రేణువులు లావెక్కుతాయి, తర్వాత ఏ ఉప్పూ దాన్ని బాగుచేయలేదు. మేం ప్రతి లాటుతో అదే కడ్డీ ముక్క ఒకటి పంపుతాం. తిరిగొచ్చాక గుడ్డ చుట్టి, వైస్‌లో బిగించి, సుత్తితో విరుస్తాం. విరిగిన చోట నునుపైన బూడిదరంగు ఉంటే సరే, చక్కెర పలుకుల్లా మెరిస్తే మాత్రం లాటు మొత్తం వెనక్కే.