విండోలా, టెర్మినలా? ఒకేసారి నాలుగు పనులుంటే ఏది మేలు?

తెర మీద నాలుగు విండోలు ఉంటే కంప్యూటర్ నాలుగు పనులు చేస్తోందని, టెర్మినల్‌లో, అంటే కమాండ్లు (ఆదేశాలు) టైపు చేసే నల్లటి తెర మీద, అక్షరాలే ఉంటే ఒక్క పనే చేయగలదని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. పనులకు వంతులు పంచేది ఆపరేటింగ్ సిస్టమ్ లోపలి కెర్నెల్. తెర ఎలా ఉందన్నది వేరే సంగతి.

యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ 1970ల్లోనే అక్షరాల టెర్మినళ్ల మీద ఎంతోమంది పనులను ఒకేసారి నడిపింది. 1984లో వచ్చిన మొదటి మెకింటాష్‌కు విండోలు, మౌస్ ఉన్నా మెమరీ 128 కిలోబైట్లే. చిన్నచిన్న ఉపకరణాలను పక్కనపెడితే, ఒకసారికి ఒక్క అప్లికేషనే నడిచేది. విండోస్ 3.1లో అయితే ఒక ప్రోగ్రామ్ వంతు వదలకపోతే మిగతా విండోస్ ప్రోగ్రాములూ బిగుసుకుపోయేవి.

ఇక వాడకానికి వస్తే, కన్ను పెట్టి చేసే పనులకు విండోలే మేలు. రెండు పత్రాలను పక్కపక్కన పెట్టి పోల్చాలన్నా, ఫొటోలు సరిదిద్దాలన్నా టెర్మినల్‌తో కుస్తీ పట్టడం వృథా. కమాండ్లు గుర్తుపెట్టుకోనక్కర్లేదు కూడా.

మొదలుపెట్టి వదిలేసే పనులకు మాత్రం నా ఓటు టెర్మినల్‌కే. గంటలకొద్దీ సాగే కాపీ ఉందనుకోండి. యూనిక్స్ తరహా టెర్మినల్‌లో కమాండ్ చివర & పెడితే అది వెనక నడుస్తుంటుంది, మీరు అదే తెర మీద ఇంకో పని చేసుకోవచ్చు. మామూలుగా మొదలుపెట్టేసినా ఫర్వాలేదు: కంట్రోల్, జెడ్ కలిపి నొక్కి ఆపి, బీజీ (bg) అని కొడితే వెనక్కి వెళ్లి సాగుతుంది. అయితే వెనక నడిచే పనుల సందేశాలు ముందు పని మధ్యలోకి వచ్చి పడతాయి, అది నిజంగా చిరాకే. దూరంగా ఉన్న సర్వర్ మీద పని చేసేటప్పుడే టెర్మినల్ విలువ బాగా తెలుస్తుంది. నెట్‌లో వెళ్లేవి అక్షరాలే కాబట్టి నెమ్మది కనెక్షన్ కూడా సరిపోతుంది. టెర్మినల్ సెషన్లను సర్వర్ మీదే నిలిపి ఉంచే టీమక్స్ (tmux) అనే ప్రోగ్రామ్ లోపల మొదలుపెడితే, మధ్యలో నెట్ పోయినా పని అక్కడ సాగుతూనే ఉంటుంది. తర్వాత మళ్లీ కనెక్ట్ అయి, వదిలిన చోటి నుంచి అందుకోవచ్చు.

రెండిట్లో ఒకటే ఎంచుకోవాలన్న నియమమేమీ లేదు. విండోల మధ్యే ఒక టెర్మినల్ తెరిచి ఉంచుకోండి. కొత్తవాళ్లు ముందుగా టీమక్స్‌లో సెషన్ మొదలుపెట్టడం, వదిలి రావడం, తిరిగి చేరడం నేర్చుకుంటే చాలు.