రెండో రౌటరు, స్టాటిక్ ఐపీలు: కరెంటు పోయినా బెంగ లేదు, డబ్బా మారితేనే తిప్పలు

కావలిలో మాది సొంత మేడ. ఫైబర్ డబ్బా (నెట్‌వాళ్లిచ్చిన మెయిన్ రౌటరు) కింద హాల్లో ఉంటుంది, నా పనంతా పై గదిలో. శ్లాబు దాటి వైఫై రాదని పాత రౌటర్‌ని పైన పెట్టి, డీహెచ్‌సీపీ (పరికరాలకు ఐపీ, అంటే నెట్‌వర్క్ నంబరు, పంచే పని) ఆపేసి, కింది నుంచి లాగిన వైరును లాన్ పోర్టులో గుచ్చి చాలాకాలంగా వాడుతున్నాను. వేగం సంగతి వదిలేయండి, పాత రౌటరు ఎంతిస్తుందో అంతే. నాకు సంతోషమంతా స్టాటిక్ ఐపీలతోనే, అంటే మారకుండా కట్టేసిన నంబర్లతోనే.

మా పాత డబ్బాకి ఒక జబ్బుండేది. కరెంటు పోయి వస్తే ఎవరికే ఐపీ ఇచ్చిందో మర్చిపోయి, ముందు లేచినవాటికి ముందు నంబరు ఇచ్చేసేది. వాయుగుండం పడితే ఇక చూడక్కర్లేదు, ప్రింటర్ ఆఫ్‌లైన్, "ఏందబ్బయ్యా, గేటు కనపడటంలా" అని కింద నుంచి మా నాయన కేక. ఆయన టీవీలో గేటు కెమెరా రావాలంటే రికార్డర్ ఐపీని రిమోటుతో ఒక్కో అంకే నొక్కుతూ మార్చాలి. పై రౌటరుకి 192.168.1.2, ప్రింటరుకి 192.168.1.50 అని వాటిలోనే రాసేసి, డబ్బా పంచుకోడానికి చివరి నంబరు 100 నుంచి 200 దాకా వదిలి, అందులో 110ని రికార్డర్ మ్యాక్ అడ్రసుకి (పరికరానికి పుట్టుకతో ఉండే గుర్తు) రిజర్వ్ చేశాక ఆ కేకలు ఆగిపోయాయి. (ఫోన్లకు కూడా చేయాలనుకుంటే ముందు ప్రైవేట్ మ్యాక్ ఆపండి, ఆండ్రాయిడ్ 10 నుంచి ఫోన్లు అసలు మ్యాక్ బదులు వేరేది చూపిస్తాయి.)

ఒకసారి పెడితే ఇక దాని జోలికి పోనక్కర్లేదని ఒంగోల్లో మా బావక్కూడా చెప్పి పెట్టించాను. ఆ మాట ఇప్పుడు కొంచెం తగ్గించి చెప్పాలి.

పిడుగుకి డబ్బా పోయింది. నెట్ కుర్రాడొచ్చి కొత్తది బిగించి, యూట్యూబ్ వస్తోందని చూపించి వెళ్లాడు. పైన వైఫై శుభ్రంగా వస్తోంది, ప్రింటర్ మాత్రం మాయం, పై రౌటరు సెట్టింగుల పేజీ కూడా తెరుచుకోదు. తీరా చూస్తే కొత్త డబ్బా ఐపీ 192.168.0.1, పాతదేమో 192.168.1.1. పై రౌటరు వైరునీ వైఫైనీ కలపడం తప్ప ఇంకేం చేయదు, ఐపీలిచ్చేది కింది డబ్బానే, కాబట్టి నెట్‌కి ఏ లోటూ లేదు. కానీ రౌటరూ ప్రింటరూ పాత 192.168.1 వరసలోనే కూర్చున్నాయి, కొత్త వరసలోని వాటికి కనపడవు. రికార్డర్ మాత్రం కొత్త డబ్బాని అడిగి ఏదో ఒక నంబరు తెచ్చుకుంది, టీవీలో అది మారిస్తే సరిపోయింది.

అన్నీ మార్చే బదులు డబ్బా ఐపీనే 192.168.1.1 చేస్తే గొడవే ఉండదు. నెట్‌వాళ్లు డబ్బా అడ్మిన్ పాస్‌వర్డ్ ఇస్తేగా! కస్టమర్ కేర్‌కి చేస్తే "నెట్ వస్తోంది కదా సార్, ప్రింటర్ కంపెనీవాళ్లని అడగండి" అన్నారు. చివరికి ఆ కుర్రాడినే బతిమాలితే వచ్చి, నాకు కనపడకుండా పాస్‌వర్డ్ కొట్టి మార్చాడు. డబ్బా మళ్లీ లేచిన కాసేపటికి, ఎప్పట్నుంచో క్యూలో ఉన్న మా అమ్మాయి హాల్‌టికెట్ దానంతటదే ప్రింటై బయటికొచ్చింది. 110 మాత్రం పాత డబ్బాతోనే పోయింది, అదీ అతనితోనే మళ్లీ రాయించాను.

పాస్‌వర్డ్ మీ చేతిలో ఉంటే ప్రింటర్‌ని కూడా డబ్బాలోనే రిజర్వ్ చేసుకోండి, డబ్బా మారినా కనీసం కొత్త ఐపీతో దొరుకుతుంది. నా చేతిలో లేదు కాబట్టి 50నే ఉంచాను. అద్దె ఇంట్లో అయితే ఇదంతా చెప్పను, మేం రంగులు వేయించేటప్పుడు గోడలోంచి వైరు లాగించుకున్నాం. మెట్లెక్కేటప్పుడు ఫోన్ కింది సిగ్నల్‌నే పట్టుకుని వేలాడుతుంది, వీడియో కాల్ ఆగిపోతుంది. నేను పైకెళ్తే భోజనానికి తప్ప దిగను కాబట్టి నాకు ఇబ్బంది లేదు, ఫోన్ పట్టుకుని ఇల్లంతా తిరిగేవాళ్లుంటే మెష్ (ఇల్లంతా ఒకే వైఫైలా పనిచేసే రౌటర్ల సెట్టు) చూసుకోండి.