1,12,000 కిలోమీటర్లు తిరిగిన మా కారు, స్టీరింగ్ తిప్పితే వచ్చిన చప్పుళ్లు

మాది 2015లో కొన్న చిన్న పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. కంపెనీ పేరు రాయడం లేదు. నేను చెప్పబోయే చప్పుళ్లు ఏ చిన్న కారుకైనా వచ్చేవే. పదేళ్ల పైన వాడాక ఇంజిన్ మీద నాకు ఫిర్యాదు లేదు. ఒక క్లచ్, రెండు బ్యాటరీలు, ఒకసారి ఏసీ గ్యాస్. మైలేజీ విజయవాడ ట్రాఫిక్‌లో 14, హైదరాబాద్ హైవే మీద 18 దాకా ఇప్పటికీ ఇస్తోంది. నన్ను ఏడిపించినవన్నీ ముందు చక్రాల దగ్గరవే. అందుకే ఈ సమీక్షంతా ఆ నాలుగడుగుల చోటు గురించే.

2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు పొంగినప్పుడు ఈ బండి సింగ్‌నగర్‌లో మా అత్తగారింటి ముందుంది. ర్యాంపు మీద ఎత్తులో పెట్టాం కాబట్టి బతికింది గానీ, చక్రాలు సగం వరకు నాలుగు రోజులు నీళ్లలో నానాయి. నీళ్లు తీశాక ఆయిళ్లు మార్పించి, బ్రేకులు విప్పించి కడిగించాను. బాగానే తిరిగింది. డిసెంబర్‌లో మొదలైంది చప్పుడు. సెల్లార్‌లోంచి బండి తీస్తూ స్టీరింగ్ చివరిదాకా తిప్పితే ‘టంగ్’ మనేది, పాత ఇనప స్ప్రింగు మంచం మీద మనిషి పక్కకి దొర్లినట్టు. రోడ్డెక్కాక అసలు వినపడదు. మా ఆవిడ మాత్రం మొదటి రోజే, ‘ఏవండీ, ఏదో విరుగుతోంది చూడండి’ అంది.

ఎవరికి చెప్పినా ఒకటే మాట: ‘బుడమేరు నీళ్లు తాగింది కదా, అదే.’ నేనూ అదే నమ్మాను. సర్వీస్ సెంటర్‌లో దింపి, ‘వరదలో మునిగింది, అప్పట్నుంచి స్టీరింగ్‌లో సౌండ్’ అని చెప్పాను. నిజానికి అప్పట్నుంచి కాదు, మూడు నెలల తర్వాత. ఆ తేడా చెప్పకపోవడం నా తప్పు. వాళ్లు మలుపుల్లో బండి పక్కకి ఒరగకుండా పట్టే స్టెబిలైజర్ లింకులు మార్చి 2,200 తీసుకున్నారు. సాయంత్రం సెల్లార్‌లో మళ్లీ టంగ్. రెండోసారి తీసుకెళ్తే స్టీరింగ్ కాలమ్, అంటే స్టీరింగ్ నుంచి కిందికి దిగే రాడ్డు, మొత్తం మార్చాలని 31,000కి ఎస్టిమేట్ రాసిచ్చారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. డబ్బు సంగతి సరే, పిల్లల్ని ఎక్కించుకుని వెళ్తుంటే స్టీరింగ్ ఊడిపోతుందేమోనని టెన్షన్.

ఆ తర్వాత మా వీధి గ్యారేజీ. చక్రాన్ని కింద నుంచి పట్టి ఉంచే లోయర్ ఆర్మ్‌లు, స్టీరింగ్‌ని చక్రానికి కలిపే టై రాడ్ ఎండ్‌లు మార్చి అలైన్‌మెంట్‌తో కలిపి 6,400. ఆ ఖర్చు పూర్తిగా వృథా అనను. పాత ఆర్మ్‌ల రబ్బరు బుష్‌లు నిజంగానే చిరిగి ఉన్నాయి, గుంతల్లో వచ్చే దడదడ తగ్గింది. పైగా ఆర్మ్ చివర చక్రాన్ని పట్టుకునే బాల్ జాయింట్ లూజుగా ఉందేమో ముందు చూసుకోవాల్సిందే, అది ఊడితే చక్రం పక్కకి వాలిపోతుంది. కానీ నా టంగ్ నాకే ఉంది.

అప్పుడు నేనే ఒక ఆదివారం ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. ఎలా వస్తోందని కాకుండా, ఎప్పుడు వస్తోంది, ఎప్పుడు రావడం లేదు అని ఒక చీటీ మీద రాసుకున్నాను. బండి ఆగి ఉండి, ఇంజిన్ ఆన్‌లో ఉంచి తిప్పితే వస్తోంది. అంటే చక్రం తిరగనక్కర్లేదు, కాబట్టి ఇంజిన్ శక్తిని చక్రానికి చేర్చే యాక్సిల్ జాయింట్ కాదు, వీల్ బేరింగ్ కాదు. స్పీడ్ బ్రేకర్ మీద రావడం లేదు, కాబట్టి లింకులు మార్చడం దండగ. జాక్‌తో ఎత్తి చక్రాలు గాల్లో ఉంచి తిప్పితే దాదాపు పోయింది. కాలమ్‌లో లోపముంటే బండి నేల మీదున్నా గాల్లో ఉన్నా రావాలి కదా! ఇంకోటి అప్పుడే గుర్తొచ్చింది. బెంజ్ సర్కిల్ దగ్గర మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను నేరుగా వచ్చేది. కొన్ని వారాలుగా సగంలో ఆగిపోతోంది, నేనే లాగుతున్నాను. చేతికి అలవాటైపోయి పట్టించుకోలేదు.

ఈ చీటీ పట్టుకుని ఆటోనగర్‌లో ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. అందరూ భాయ్ అంటారు. చీటీ చదవలేదు గానీ నేను చెప్పింది పూర్తిగా విన్నారు. బోనెట్ ఎత్తించి, వంగి, అరచెయ్యి ముందు స్ప్రింగ్ మీద వేసి, ‘మెల్లగా తిప్పండి సార్. ఆపమంటే ఆపండి’ అన్నారు. కుడి పక్క స్ప్రింగ్ మీద చెయ్యి ఉండగా తిప్పాం, ఏమీ లేదు. ఎడమ పక్క చెయ్యి వేసి తిప్పించారు. టంగ్. ‘మీరు రండి, చెయ్యి పెట్టండి.’ నేను పెట్టాను, కుర్రాడు తిప్పాడు. స్టీరింగ్‌తో పాటు మెల్లగా తిరగాల్సిన స్ప్రింగ్ తిరగకుండా బిగుసుకుని, ఒక్కసారి అరచేతిలో ఎగిరింది. చేప కొట్టుకున్నట్టు. మూడు నెలలు చెవితో వెతికింది ఆ క్షణంలో చేతికి తెలిసింది. మీరు చేస్తే మాత్రం స్ప్రింగు చుట్ల మధ్యకి వేళ్లు పోనివ్వకండి.

దోషి షాకబ్జార్ పైన ఉండే స్ట్రట్ మౌంటింగ్, దాంట్లోని బేరింగ్. చక్రం తిరిగినప్పుడు షాకబ్జార్, స్ప్రింగు కలిసి తిరిగేది దాని మీదే. అది పట్టేస్తే స్ప్రింగు మెలిపడి, ఆగలేనప్పుడు జారుతుంది. స్టీరింగ్ నేరుగా రాకపోవడానికీ అదే కారణం. ‘వరద నీళ్ల వల్లేనా భాయ్?’ అన్నాను. ‘నీళ్లు సగం చక్రం దాకా అన్నారు. ఇదెక్కడుందో చూశారా సార్, బోనెట్ కింద. ఇది పదేళ్ల దుమ్ము.’ విప్పాక బేరింగ్ నా చేతిలో పెట్టారు. వేలితో తిప్పితే కరకరలాడింది, కారప్పొడిలాంటి తుప్పు రాలింది. రెండు పక్కలా మార్పించాను. మౌంటింగ్‌లు ఒక్కోటి 1,450, కూలి 1,000, అలైన్‌మెంట్ 500, మొత్తం 4,400. స్ప్రింగును నొక్కిపట్టే పనిముట్టు లేకుండా ఈ పని ఎవరూ ఇంట్లో మొదలుపెట్టకూడదు, ఆ స్ప్రింగు ఒత్తిడితో ఎగిరితే ప్రమాదం. 2025 మార్చిలో చేయించింది, 18,000 కిలోమీటర్లు తిరిగాం, మళ్లీ ఆ చప్పుడు లేదు.

కానీ వేరేవి వచ్చాయి. గత వర్షాకాలంలో మలుపులో యాక్సిలరేటర్ తొక్కితే కటకటకట. ఈసారి బండి కదిలితేనే వస్తోంది, వేగం పెరిగితే కటకట కూడా వేగంగా. వంగి చూస్తే యాక్సిల్ జాయింట్‌ని కప్పి ఉంచే రబ్బరు బూటు చిరిగి, రిమ్ము లోపలి వైపు నల్లటి గ్రీజు చిమ్మి ఉంది. ఆ గ్రీజు అంతకు నెల ముందే వాటర్ వాష్ కుర్రాడు చూపించాడు. అప్పుడే బూటు మార్పించి గ్రీజు పెట్టిస్తే కొన్ని వందలతో పోయేది. బద్ధకించాను, జాయింటే మార్చాల్సి వచ్చింది.

తర్వాత హైవే మీద 60 దాటాక ఒక రకమైన హోరు. టైర్లనుకున్నాను. ఖాళీ రోడ్డు మీద కొద్దిగా కుడికి తిప్పితే పెరుగుతోంది, ఎడమకి తిప్పితే తగ్గుతోంది. కుడికి తిరిగితే బరువు ఎడమ చక్రం మీద పడుతుంది కాబట్టి, ఎడమ వీల్ బేరింగ్. విప్పితే అదే. ఈ ఒక్కదానికి మాత్రం బుడమేరుని అనుమానించవచ్చని భాయ్ కూడా ఒప్పుకున్నారు, ఆ చక్రం నీళ్లలో ఉంది కాబట్టి.

మా అన్నయ్య పాత కారులో ఆయిల్‌తో పనిచేసే పవర్ స్టీరింగ్. అందులో చివరిదాకా తిప్పి పట్టుకుంటే కుయ్యిమనే మూలుగు కొంత మామూలే, మామూలుగా తిప్పినా వస్తే ముందు డబ్బాలో ఆయిల్ మట్టం చూసుకోవాలి. మాది కరెంటు మోటారుది, ఆ గోల లేదు. మాల్ పార్కింగ్‌లో నున్నటి నేల మీద టైర్లు కీచుమంటే మాత్రం ఎవరూ మెకానిక్ దగ్గరికి పరిగెత్తకండి. నేను ఒకసారి పరిగెత్తాను.

ఇన్ని ఖర్చులయ్యాక కూడా ఈ బండి అమ్మబుద్ధి కావడం లేదు. విడి భాగాలు ఆటోనగర్‌లో అడిగిన పూట దొరుకుతాయి, మలుపుల్లో ఇప్పటికీ చేతికి తేలిగ్గా ఉంటుంది. నచ్చనిదల్లా కింద ఎత్తు తక్కువ కావడం, మా వీధి గుంతలకి ముందు భాగాలు త్వరగా అరగడం. ఇప్పుడు కొత్తగా, పూర్తిగా కుడికి తిప్పి రివర్స్ తీస్తే సర్రుమని రాసుకుంటోంది. చూశాను. చక్రం పైనుండే ప్లాస్టిక్ లైనింగ్‌కి ఒక క్లిప్పు ఊడిపోయింది. పది రూపాయల పని. మా ఆవిడ రోజూ గుర్తు చేస్తూనే ఉంది, ఇంకా వేయించలేదు.