జలపాతం ట్రెక్: లెక్క తిరుగు దారి నుంచి మొదలుపెట్టండి

కొండ ఎక్కడానికీ జలపాతానికి నడవడానికీ ఒక పెద్ద తేడా ఉంది. కొండనైతే పొద్దున్నే ఒంట్లో ఓపికున్నప్పుడు ఎక్కుతాం, అలసిపోయాక దిగుతాం. జలపాతం చాలాచోట్ల లోయలో ఉంటుంది. పొద్దున కబుర్లు చెప్పుకుంటూ హాయిగా దిగిపోతాం. మధ్యాహ్నం భోజనం చేసి, నీళ్ళలో నానిన కాళ్ళతో అదంతా ఎక్కి రావాలి. ఈసారి మా గుంపులో పదో తరగతి పిల్లాడి దగ్గర్నుంచి అరవై దాటిన పెదనాన్న దాకా ఉన్నారు. అందుకే సాయంత్రం ఎన్నింటికి బండి దగ్గర ఉండాలో ముందు రాసుకుని, అక్కణ్ణుంచి వెనక్కి లెక్కేసుకుంటూ వచ్చాను.

చూసిన వాటిలో చివరికి మూడు జలపాతాలు మిగిలాయి. మొదటిదానికి దాదాపు దగ్గరి దాకా రోడ్డుంది, ఆపైన మెట్లు, పట్టుకోవడానికి కమ్మీలు. చిన్నపిల్లలున్నవాళ్ళకి అదే మంచిది. కానీ సెలవు రోజుల్లో అక్కడ నీళ్ళకంటే జనమే ఎక్కువ. రెండోది అడవిలోంచి వాగు వెంట దిగే కాలిబాట, రానూపోనూ 12 కిలోమీటర్లు, ఎత్తు తేడా 600 మీటర్లు. మూడోదాని దారి జలపాతం నెత్తి మీదికి తీసుకెళ్తుంది. పైనుంచి ఫొటోలు బ్రహ్మాండంగా వస్తాయి, నిజమే. అయితే నీళ్ళు దూకే అంచు దగ్గర బండ ఎప్పుడూ తడిగా, పాకుడు పట్టి, ముందుకు వాలి ఉంటుంది. కాలు జారితే పట్టుకోవడానికి అక్కడేమీ ఉండదు. మూడోదాన్ని నేను లిస్టులోంచే తీసేశాను, కుర్రాళ్ళు గొణిగినా సరే.

మిగిలింది రెండోది. దాని పేరు పక్కన ‘మోడరేట్’ (మధ్యరకం కష్టం) అని ఉంది. ఆ మాటని నేను పెద్దగా నమ్మను. అమెరికాలోని యోసెమిటీలో వెర్నల్ జలపాతానికి వెళ్ళే మిస్ట్ ట్రైల్‌నే తీసుకోండి. పైదాకా రానూపోనూ నాలుగు కిలోమీటర్లు కూడా ఉండదు. వింటే సాయంత్రం వాహ్యాళిలా అనిపిస్తుంది. కానీ వంతెన దాటాక మిగిలిన ఆరేడు వందల మీటర్ల దూరంలోనే సుమారు 180 మీటర్ల ఎత్తు ఎక్కాలి, అదీ ఆరు వందలకు పైగా రాతి మెట్ల మీద, తుంపరలో తడుస్తూ. దూరం ఒక్కటే చూసి బయల్దేరినవాళ్ళకి పిక్కలు పట్టేసేది అక్కడే. కాబట్టి మోడరేటా, ఈజీయా అని కాకుండా ఎత్తు ఎంత, ఆ ఎత్తు దారిలో ఎక్కడుంది అని అడగాలి. మ్యాపులో కాంటూర్ గీతలు, అంటే ఒకే ఎత్తులో ఉన్న చోట్లని కలిపే గీతలు, ఎక్కడ దగ్గర దగ్గరగా ఉంటే అక్కడ ఆయాసం ఖాయం.

నడకకు ఎంతసేపు పడుతుందో తేల్చడానికి నేను వాడేది నైస్మిత్ సూత్రం. స్కాట్లండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పింది. ఇప్పటి కొలతల్లో చెప్పాలంటే 5 కిలోమీటర్లకు గంట, పైగా ఎక్కే ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట. ఇది ఆగకుండా నడిచే గట్టివాళ్ళ లెక్క. ఫొటోలు తీసుకుని, చెప్పులో రాయి పడిందని కూర్చునే మనలాంటివాళ్ళు దాన్ని ఒకటిన్నరతో గుణించుకోవాలి. మా దారికి వేసి చూస్తే, దిగడానికి గంటా నలభై ఎనిమిది నిమిషాలు, ఎక్కి రావడానికి మూడు గంటలా పద్దెనిమిది నిమిషాలు. అదే దారి, అవే ఆరు కిలోమీటర్లు, తిరిగి వచ్చేటప్పుడు దాదాపు రెట్టింపు సమయం. పైగా లోయలో పొద్దు ముందే వాలిపోతుంది. బయట ఇంకా ఎండ ఉండగానే చెట్ల కింద మసకేస్తుంది. నాలుగున్నరకల్లా పైన ఉండాలి గనక, ఎక్కడున్నా సరే ఒంటిగంటకి వెనక్కి తిరగాల్సిందే అని ముందు రోజు రాత్రే అందరికీ చెప్పేశాను. దారిలో చెప్తే ఎవరూ వినరు. జలపాతం చప్పుడు వినపడుతున్నప్పుడు అసలే వినరు.

ఇక బస. గంటన్నర ప్రయాణం దూరంలో ఉన్న టౌనులో మంచి లాడ్జి ఉంది. వేడినీళ్ళు, లిఫ్టు, అన్నీ ఉన్నాయి. కాలిబాట మొదలయ్యే చోటికి దగ్గర్లో ఒక హోమ్‌స్టే. వేడినీళ్ళు బకెట్‌తో తెచ్చిస్తారు, బాత్‌రూమ్ రెండు గదులకీ కలిపి ఒకటే, ఫోన్ సిగ్నల్ లేదు. మా వదిన లాడ్జి వైపే మొగ్గింది. “పెదనాన్నని బకెట్ నీళ్ళ దగ్గర నిలబెడతావా?” అంది. లాడ్జిలో దిగితే నాలుగింటికి లేవాలి, లేదా రెండు గంటలు ఆలస్యంగా నడక మొదలుపెట్టాలి. పైన చెప్పిన లెక్కలో ఆ రెండు గంటలు కోయడానికి చోటే లేదు. అందుకని ముందు రాత్రి హోమ్‌స్టే, తిరిగొచ్చాక లాడ్జి అని పంచుకున్నాం. ఒళ్ళు హూనమయ్యాక దొరికే షవర్ విలువే వేరు, ఆ సుఖాన్ని ముందు రాత్రి మీద ఖర్చు పెట్టడం దండగ. హోమ్‌స్టేతో ఇంకో లాభం కూడా ఉంది. వాగులో నీళ్ళు ఎంతున్నాయో, మొన్నటి గాలివానకి దారిలో చెట్టేదైనా పడిందో ఆ ఇంటివాళ్ళకి తెలుస్తుంది. బుకింగ్ చేసేటప్పుడు గది ఫొటోలకంటే ముందు, పొద్దున ఆరింటికి టిఫిన్ పెట్టగలరా, తడి బట్టలు ఆరేసుకోవడానికి పందిరి ఉందా అన్నవి అడగండి.

గైడ్ అవసరమా అని ముందు నాకూ అనుమానమే. దారి స్పష్టంగా ఉంది, ఆఫ్‌లైన్ మ్యాపుంది, ఫ్లైట్ మోడ్‌లో కూడా జీపీఎస్ పనిచేస్తుంది. కానీ వాగు దాటే చోట మేం మాట్లాడుకున్న గైడ్ ఒక చెట్టు చూపించాడు. నా ఛాతీ ఎత్తులో కొమ్మల మధ్య ఎండుగడ్డి, పుల్లలు, ఒక తెగిన చెప్పు చిక్కుకుని ఉన్నాయి. కింద వాగు చీలమండ కూడా మునగనంత నీళ్ళతో గలగలమంటోంది. “పోయినసారి వరద అక్కడిదాకా వచ్చిందండీ” అన్నాడు. మన నెత్తిన మబ్బు లేకపోయినా, పైన ఎక్కడో కురిసిన వాన ఇక్కడ వాగై దిగుతుంది. తేటగా ఉన్న నీళ్ళు ఉన్నట్టుండి మట్టిరంగుకి తిరిగినా, ఆకులూ పుల్లలూ ఎక్కువగా కొట్టుకొచ్చినా, చప్పుడు మారినా వెంటనే పైకి ఎక్కేయాలి, సామాన్ల కోసం వెనక్కి వెళ్ళకూడదు. మోకాలు దాటి వేగంగా పారే నీళ్ళలో దిగనే కూడదు. దాటేటప్పుడు బ్యాగు నడుము పట్టీ విప్పేసి, చేతిలో కర్రతో, ప్రవాహం వచ్చే వైపు మొహం పెట్టి అడ్డంగా నడవాలి. ఆ చెట్టు చూశాక గైడ్‌కిచ్చే డబ్బు గురించి మాలో ఎవరూ మాట్లాడలేదు.

జలపాతం తొమ్మిదిన్నరకల్లా కనిపించింది. వానలు ఆగి కొన్ని వారాలైంది కాబట్టి ధార నిండుగా ఉంది, వాగు మాత్రం దాటేలా ఉంది. జోరు వానల్లో వస్తే ధార ఇంకా భీకరంగా ఉంటుంది, అంత దూరం చేరడమే కష్టం. వేసవిలో వస్తే బండ మీద తడి మరక చూసి వెళ్ళాలి.

కింద మడుగులో దిగడానికి కుర్రాళ్ళకి కాలు నిలవలేదు. ధార పడే చోట నీళ్ళు తెల్లగా నురగలు కక్కుతుంటాయి. అందులో సగం గాలే, మనిషిని తేల్చదు. ఎంత ఈత వచ్చినా అక్కడ లాభం లేదు. పై నుంచి దూకడం మరీ తప్పు. పది మీటర్ల ఎత్తు నుంచి దూకితే నీళ్ళని తాకే వేగం గంటకు 50 కిలోమీటర్లు, అడుగున బండ ఎక్కడుందో పై నుంచి కనపడదు. ధారతోపాటు ఒక్కోసారి రాళ్ళూ వస్తాయి. అందుకే మడుగు దిగువన, నీళ్ళు పలచగా పరుచుకునే చోట కూర్చున్నాం, తుంపర అక్కడికీ వస్తుంది. నల్లగా మెరిసే బండల మీద అడుగు పెట్టకండి, గరుకుగా తెల్లగా ఉన్నవాటి మీద పెట్టండి.

జలగలు కరిచాయి, ఒకరిద్దరికి. లాగకుండా గోరుతో పక్కకి తోసేస్తే వదిలేస్తాయి, రక్తం కాసేపు ఆగదు, కంగారు అక్కర్లేదు. నీళ్ళు గంటకు అర లీటరు చొప్పున మోసుకెళ్ళాం. వాగు నీళ్ళు ఎంత తేటగా ఉన్నా వడకట్టో, మరిగించో తప్ప తాగొద్దు.

పన్నెండుకే బయల్దేరాం, గడువుకి గంట ముందు. ఎక్కేటప్పుడు పెదనాన్నని ముందు పెట్టాం. అందరికంటే నెమ్మదిగా నడిచేవాళ్ళు వెనక ఉంటే, వాళ్ళు చేరుకునేసరికి ముందున్నవాళ్ళ విశ్రాంతి అయిపోయి మళ్ళీ లేస్తారు. వాళ్ళకి కూర్చునే వంతే రాదు.

కాలిబాట అయిపోయాక మెయిన్ రోడ్డు దాకా మూడు కిలోమీటర్ల కంకర రోడ్డుంది. దానికి జీపు దొరుకుతుంది. చాలామంది పొద్దున జీపెక్కి, సాయంత్రం నడుస్తారు. మేం పొద్దున చల్లగా నడిచేశాం, జీపుని సాయంత్రానికి మాట్లాడుకున్నాం. అక్కడ సిగ్నల్ ఉండదు కాబట్టి టైమూ, ఆగే చోటూ డ్రైవర్‌తో ముందే ఖాయం చేసుకోవాలి, అరగంట ఆలస్యమైతే ఆగుతాడా లేదా అన్నది కూడా. మా డ్రైవర్ ఆగుతానన్నాడు. ఆగాల్సిన పని పడలేదు.