స్నోఫ్లేక్ పద్ధతితో ప్రేమకథలు: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

ప్రేమకథలు రాసేవాళ్లను అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది: "ఈ ఐడియాలు మీకు ఎక్కణ్నుంచి వస్తాయండీ?" ఐడియా రావడం అంత కష్టమేం కాదు. బస్సులో పక్కసీటు వాళ్ల ఫోన్ మాటలు చెవిన పడినా ఒకటి పుడుతుంది. పుట్టింది యాభై పేజీలు దాటి నిలబడుతుందా లేదా అన్నదే అసలు టెన్షన్. అది ముందుగా తేల్చుకోవడానికి నేను వాడేది స్నోఫ్లేక్ పద్ధతి. కొన్నేళ్లుగా ప్రతి కొత్త కథనూ దీంతోనే మొదలుపెడుతున్నాను. ఉన్నది ఉన్నట్టు వాడితే ప్రేమకథకు ఇది సగమే పనిచేస్తుంది. కాస్త వంచి వాడితే మాత్రం దీన్ని మించింది నాకింతవరకు దొరకలేదు.

తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా చెప్తాను. దీన్ని తయారుచేసింది ర్యాండీ ఇంగర్‌మన్సన్ అనే అమెరికన్ నవలా రచయిత. ఆయన భౌతికశాస్త్రంలో డాక్టరేట్ చేసిన మనిషి కాబట్టి పేరు కూడా లెక్కల్లోంచే తెచ్చుకున్నాడు. 1904లో హెల్గె వాన్ కాక్ అనే స్వీడన్ గణితవేత్త ఒక మెలికల గీతను వర్ణించాడు. ఆ పద్ధతిలోనే ఒక త్రిభుజం గీసి, దాని ప్రతి భుజం మీదా ఇంకో చిన్న త్రిభుజం, వాటి మీద ఇంకా చిన్నవి, ఇలా చేర్చుకుంటూ పోతే మంచురేకులాంటి బొమ్మ తేలుతుంది. కథను కూడా అలాగే చిన్నదాంతో మొదలుపెట్టి పెంచమంటాడు ఇంగర్‌మన్సన్. మొత్తం పది మెట్లు. మొదట కథంతా ఒక్క వాక్యం. తర్వాత అది అయిదు వాక్యాల పేరా అవుతుంది: పరిస్థితి ఒకటి, పెద్ద దెబ్బలు మూడు, ముగింపు ఒకటి. మూడో మెట్టులో ముఖ్యపాత్రలకు తలా ఒక పేజీ. అక్కణ్నుంచి పేజీ సారాంశం, పాత్రల వైపు నుంచి కథ, నాలుగు పేజీల సారాంశం, పాత్రల పూర్తి వివరాలు, సన్నివేశాల పట్టిక, సన్నివేశాల వివరణ, చివరికి అసలు రాత.

ఐడియా భవిష్యత్తు తేలిపోయేది మొదటి మూడు మెట్ల మీదే కాబట్టి ఎక్కువగా వాటి గురించే చెప్తాను.

మొదటి వాక్యానికి ఆయన ఒక గంట కేటాయించమంటాడు. పదిహేను పదాల లోపు ఉండాలి, పాత్రల పేర్లు ఉండకూడదు. ఆ లెక్క ఇంగ్లీషుది. తెలుగులో ఒక్కో పదంలో చాలా సామాను పడుతుంది గనక నేను పది పదాలకే కట్టుబడతాను. ఇప్పుడు నా టేబుల్ మీదున్న కథనే చూపిస్తాను. మొదట తట్టింది ఇది: "కోర్టులో గొడవపడ్డ లాయర్, సాక్షి ప్రేమలో పడతారు." వినడానికి బాగానే ఉంది. కానీ ఇందులో వాళ్లు ఎందుకు కలవలేరో లేదు. కేసు నడుస్తున్నంత కాలం లాయరైన ఆమె అవతలి పక్షం సాక్షికి దగ్గరవడం ఇబ్బందే, నిజమే. తీర్పు రాగానే ఆ అడ్డు తొలగిపోతుంది, దాంతోపాటే కథా అయిపోతుంది.

రెండో ప్రయత్నం: "తన అబద్ధాన్ని కోర్టులో బయటపెట్టిన లాయర్‌తోనే ప్రేమలో పడ్డ సాక్షి కథ." దీనికి కాస్త ప్రాణం వచ్చింది. తమ్ముడి విడాకుల కేసులో అతను తమ్ముడి కోసం అబద్ధపు సాక్ష్యం చెప్పాడు, ఆమె దాన్ని చీల్చి చెండాడింది. ఇక్కడ తప్పు అతనిది, ఆమె అన్నది అక్షరాలా నిజం. అపార్థం మీద నిలబడ్డ కథకంటే ఇది గట్టిది, ఎందుకంటే నిజాన్ని ఒక ఫోన్ కాల్‌తో సర్దిచెప్పలేం. అయినా ఈ వాక్యంలో మనసున్నది అతనికే. ఆమె ఒక సంఘటనలాగా మిగిలిపోయింది.

స్నోఫ్లేక్‌తో నాకున్న పెద్ద పేచీ ఇదే. కథ ఒకరిదనీ, ఆ ఒకరికి ఏదో సాధించాలని ఉంటుందనీ, దారిలో దెబ్బలు తగులుతాయనీ అది అనుకుంటుంది. థ్రిల్లర్‌కు అది చక్కగా అతుకుతుంది. ప్రేమకథలో నడిచేవాళ్లు ఇద్దరు, ఒకరి దెబ్బ ఇంకొకరి చేతిలో ఉంటుంది. అందుకే నేను మొదటి మెట్టు ఎక్కకముందే మూడో మెట్టులోకి తొంగిచూస్తాను. పాత్రకు ఏం కావాలి, ఎందుకు కావాలి, ఏది అడ్డుపడుతోంది, చివరికి ఏం తెలుసుకుంటుంది అని ఇంగర్‌మన్సన్ అడిగిన ప్రశ్నలకు ఇద్దరి జవాబులూ ఒకే కాగితం మీద పక్కపక్కన రాస్తాను. వాటి కింద నా సొంత గడి ఒకటి: ఎదుటి మనిషిలో దేన్ని చూస్తే భయం? అదే గుణం తనకు ఎందుకు అవసరం?

ఆ గడి నింపుతుంటేనే ఈ కథ దొరికింది. తనవాళ్లను ఎలాగైనా కాపాడాలన్నది అతని తత్వం, అబద్ధమైనా సరే. నమ్మినవాళ్లు దాచిన విషయాల వల్లే చిన్నప్పుడు దెబ్బతిన్న మనిషి ఆమె, అందుకే నిజాలు బయటపెట్టే వృత్తిలో ఉంది. తనకోసం అంత దూరం వెళ్లేవాళ్లు ఒకరుంటే బాగుండునని ఆమెకు లోలోపల ఉంది. ఎవరైనా తనను ఆపి "నిజం చెప్పు, పర్లేదు" అంటే బాగుండునని అతనికుంది. దాంతో వాక్యం మారింది: "ప్రేమించినవాళ్ల కోసం అబద్ధమాడే అతను, అబద్ధాన్ని క్షమించలేని ఆమె." కేసు ముగిసినా ఈ అడ్డు ఎక్కడికీ పోదు.

ఇక మూడు దెబ్బలు. ఈ మెట్టు మాత్రం ప్రేమకథకు వరమే, కాకపోతే దెబ్బ అన్నదాన్ని మనం వేరేగా అర్థం చేసుకోవాలి. ముగింపు గురించి ఎలాగూ సస్పెన్స్ లేదు. 1980లో ఏర్పడిన అమెరికా రొమాన్స్ రచయితల సంఘం ఈ తరహా నవలకు పెట్టిన షరతులు రెండే: కథకు ప్రేమ కేంద్రంగా ఉండాలి, ముగింపు మనసుకు తృప్తినిస్తూ ఆశావహంగా ఉండాలి. విషాదాంతాలు రాసేవాళ్ల సంగతి వేరు. నాలాంటివాళ్లకు అయిదో వాక్యం ముందే రాసిపెట్టి ఉన్నట్టు లెక్క. పాఠకురాలికి వాళ్లు కలుస్తారని తెలుసు. అసలెలా కలవగలరు అన్న అనుమానం పుట్టించడమే మన పని, అది మూడో దెబ్బ చేతిలో ఉంది.

మూడో దెబ్బ బయటినుంచి వస్తే కథ నీరుగారిపోతుంది. యాక్సిడెంట్, ఆస్పత్రి, ఎవరో విలన్ పంపిన ఫొటో, ఇవన్నీ చేతికి తేలిగ్గా అందుతాయి. పాఠకులు వీటిని ఇట్టే పసిగడతారు. ఆ దెబ్బ మూడో మెట్టు కాగితం మీద రాసుకున్న భయంలోంచే రావాలి. నా కథలో మొదటి దెబ్బ ఇద్దర్నీ ఒకచోటికి తెస్తుంది. విడాకులు తీసుకున్న తమ్ముడికీ, అతని భార్యకూ ఒక పాప ఉంది. ఆ తల్లీ తండ్రీ ఒకరి మొహం ఒకరు చూడరు. అందుకని వారం వారం పాపను అప్పగించే పని తల్లి తరఫున ఆమె మీద పడుతుంది (ఆ తల్లి ఆమెకు చిన్ననాటి స్నేహితురాలు), తండ్రి తరఫున అతని మీద. రెండో దెబ్బ: ఇద్దరూ బాగా దగ్గరైన సమయానికి, తమ్ముడు పాపను వేరే ఊరికి మార్చాలనుకుంటున్నాడని అతనికి తెలుస్తుంది. చెప్పడు. మూడోది: ఆ దాచిన విషయం మళ్లీ కోర్టుకెక్కుతుంది, అతను మళ్లీ అదే బోనులో నిలబడతాడు. అదే మనిషి, అదే తప్పు, ఈసారి మధ్యలో ప్రేమ కూడా ఉంది.

స్నోఫ్లేక్ ఒక్క ముక్క కూడా చెప్పనిది పాఠకులు కోరి వెతుక్కునే మూసల గురించి. శత్రువులు ప్రేమికులవడం, ఉత్తుత్తి నిశ్చితార్థం, విడిపోయినవాళ్లు మళ్లీ ఎదురుపడటం, ఒకే చోట ఇరుక్కుపోవడం లాంటివి. మూస అనగానే చిన్నచూపు చూసేవాళ్లున్నారు, నాకు ఆ పట్టింపు లేదు. ప్రతి మూసలోనూ అడ్డు ముందే అమర్చి ఉంటుంది. ఉత్తుత్తి నిశ్చితార్థాన్నే తీసుకోండి, అందరి ముందూ ప్రేమ నటించాలి కాబట్టి నిజంగా ప్రేమ పుట్టినప్పుడు అది నటనో కాదో ఎదుటివాళ్లకు తెలియదు. కథ దానంతటదే ముడిపడుతుంది. కాగితం పైన నేను రెండు మూసలు రాసుకుంటాను. ఒక్కటైతే పాతవాసన కొడుతుంది, మూడైతే ఇరుకు.

ఈ పద్ధతి ఇవ్వలేని ఇంకో సంగతి, ఇద్దరి మధ్యా నిప్పు రాజుకుంటుందా లేదా అన్నది. కాగితం మీద లెక్కలన్నీ సరిపోయి, తీరా రాస్తే ఇద్దరూ బ్యాంకు కౌంటర్లో కలిసినట్టు మాట్లాడుకునే జంటలుంటాయి. అందుకే మూడో మెట్టు అయ్యాక పద్ధతిని పక్కనపెట్టి, వాళ్ల మొదటి గొడవ రెండు పేజీలు రాస్తాను. వర్ణన ఉండదు, ఒట్టి మాటలే. ఈ కథకు రాసినదాంట్లోంచి కొంచెం:

"పాప బ్యాగులో నోట్‌బుక్ లేదు."

"కారులో ఉండిపోయినట్టుంది."

"ఉండిపోయినట్టుందా, ఉండిపోయిందా?"

"మీరు గేటు దగ్గర కూడా క్రాస్ ఎగ్జామినేషన్ మానరా?"

"మీరు గేటు దగ్గర కూడా సూటిగా జవాబు చెప్పరా?"

ఈ అయిదు లైన్లు వచ్చాక ఇక వెనక్కి చూడలేదు. మాటలు ఇలా వాటంతటవి రాకపోతే, ఎంత మంచి వాక్యమైనా దాన్ని పక్కన పెట్టేస్తాను. పాత వాక్యాల ఫైల్ ఒకటుంది, అందులోకి పోతుంది. అక్కణ్నుంచి ఒక అక్కో, ఒక పక్కింటాయనో లేచి వేరే కథలో చేరడం మామూలే.

నాలుగు నుంచి ఏడు వరకు మెట్ల గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. నాలుగు పేజీల సారాంశానికి వారం, పాత్రల వివరాలకు ఇంకో వారం అంటాడు ఇంగర్‌మన్సన్. మొదటిదాన్ని కుదించి రాస్తాను. రెండోది దాదాపు వదిలేశాను. పుట్టినతేదీలు, జుట్టురంగు, ఇష్టమైన పాటలు నింపుకుంటూ కూర్చుంటే పని జరుగుతున్నట్టే ఉంటుంది, కథ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. పైగా అంతా ముందే తెలిసిపోతే రాయాలన్న ఉబలాటం చల్లారిపోతుంది. ఇది నా స్వభావమూ కావచ్చు, పక్కా ప్రణాళిక ఉంటేగానీ కుర్చీలో కూర్చోలేనివాళ్లకు ఆ వారాలే ధైర్యం ఇస్తాయి.

ఎనిమిదో మెట్టు, సన్నివేశాల పట్టిక, మళ్లీ బంగారం. మామూలు స్ప్రెడ్‌షీట్ చాలు, సాఫ్ట్‌వేర్ ఏదీ కొననక్కర్లేదు. ఒక్కో సన్నివేశానికి ఒక్కో వరుస: ఎవరి కళ్లతో చూస్తున్నాం, ఏం జరుగుతుంది. ఆయన చెప్పిన గళ్లకు నేను రెండు కలిపాను. ఒకటి, ఈ సన్నివేశం అయ్యేసరికి ఇద్దరూ దగ్గరయ్యారా, దూరమయ్యారా. వరసగా నాలుగు "దగ్గర"లు పడ్డాయంటే అక్కడ పాఠకురాలు ఫోన్ చూసుకుంటోందని అర్థం. రెండోది, ఎవరు ఎవర్ని మీరు అంటున్నారు, నువ్వు అంటున్నారు. ఇది తెలుగులో రాసేవాళ్లకు ఉచితంగా దొరికే సాధనం. పట్టికలో కనపడకపోతే నలభయ్యో పేజీలో "నువ్వు", అరవయ్యో పేజీలో మళ్లీ "మీరు" వచ్చి పరువు తీస్తాయి. ఈ కథలో ఆమె నోట మొదటి "నువ్వు" కోపంలో రావాలని ఆ గడి నింపుతుంటేనే తట్టింది.

తొమ్మిదో మెట్టు ఐచ్ఛికమని ఆయనే అన్నాడు, నేను ఎప్పుడూ ఎక్కను.

ఈ పద్ధతిని ఒకేసారి కిందనుంచి పైకి ఎక్కేసే నిచ్చెన అనుకుంటే మాత్రం విసుగొస్తుంది. ముందుకెళ్లేకొద్దీ వెనక్కొచ్చి పాత మెట్లను సవరించుకోమని ఇంగర్‌మన్సన్ కూడా చెప్తాడు. చాలామంది ఆ మాట వదిలేసి, రాసుకున్న ప్లాన్‌కు కథను కట్టేసి, ఊపిరాడక పద్ధతినే తిట్టుకుంటారు. నా విషయంలో ఇప్పుడే జరిగింది: పట్టిక సగం నిండేసరికి ఆమె ఒక్కతే మరీ ఒప్పుల కుప్పలాగా తయారైంది. మారాల్సిందంతా అతనే అయితే అది ప్రేమకథ అవదు, సంస్కరణ కథ అవుతుంది. అందుకని పాప కోసం ఆమె కూడా ఒక చిన్న అబద్ధం ఆడేలా చేశాను, అదీ తన స్నేహితురాలితోనే. దాంతో రెండో దెబ్బలో ఆమెకూ వాటా వచ్చింది, మూడో దెబ్బ నాటికి బోనులో ఉన్న మనిషిని ప్రశ్నించే నైతిక హక్కు ఆమెకు ఉందా అన్నది తేలాలి. కేసును ఇంకో లాయర్‌కు అప్పగిస్తుందనే అనుకుంటున్నాను. అయిదు వాక్యాల పేరాలో మూడు మళ్లీ రాయాలి, పట్టికలో కింది సగం చెరిపేశాను.